స్కూటరు స్టార్ట్ అవ్వకపోతే ఇంట్లోనే చూడాలా, షెడ్డుకు తొయ్యాలా, కంపెనీకి పంపాలా: ఏది మేలు?

ఒడిశాలోని కోరాపుట్ ఊరు సముద్రమట్టానికి 850 మీటర్ల పైన ఉంది. పుష్యమాసంలో అక్కడ, సిమిలిగుడలో రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన స్కూటరు పొద్దున్నే ఒక పట్టాన లేవదు. కింద రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిల్లో చలి అంత ఉండదు గానీ, వానలు పడితే అక్కడా ఇదే గొడవ. అప్పుడు కొందరు ఇంటి దగ్గరే స్పార్క్ ప్లగ్ విప్పుతారు, కొందరు వీధి చివరి షెడ్డుకు తోసుకుపోతారు, కొందరు కంపెనీ సర్వీసుకు ఫోన్ చేస్తారు. ఇవేవీ కాకుండా ముందే కొత్త బ్యాటరీ కొనేసేవాళ్ళూ చాలామందే. నా బాధంతా వాళ్ళ గురించే. ప్లగ్ వంద, నూటయాభై రూపాయల మాట. బ్యాటరీ అయితే వెయ్యి దాటిపోతుంది.

డబ్బు తీసే ముందు బండి చప్పుడు వినండి. సెల్ఫ్ నొక్కితే టిక్కుమని ఆగిపోయి, హారన్ నీరసంగా మోగితే లోపం బ్యాటరీది, లేదా దాని టర్మినల్స్‌ది. టర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకున్నా, బోల్టు వదులైనా మంచి బ్యాటరీ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. గీకి, బిగించి మళ్ళీ నొక్కండి. మీటరు ఉంటే, రాత్రంతా కదపని బ్యాటరీలో 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12 కన్నా దిగితే ఛార్జింగ్ పెట్టించాలి. అసలు చప్పుడే లేకపోతే బ్రేకు పట్టారో లేదో, సైడ్ స్టాండ్ దిగి ఉందో, స్టాప్ స్విచ్ ఎవరైనా పిల్లలు నొక్కారో చూడండి. తర్వాత ఫ్యూజు. ఇంజను గిరగిరా తిరుగుతున్నా అందుకోకపోతే మాత్రం బ్యాటరీ జోలికి పోవద్దు, లోపం ప్లగ్‌లోనో పెట్రోలులోనో ఉంటుంది.

సెల్ఫా, కిక్కా అంటే చలి పొద్దున నా ఓటు కిక్కుకే. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఆయిలు చిక్కబడుతుంది. ఆ రెండు బరువులూ సెల్ఫ్ మోటారు మీద వెయ్యడం దేనికి? నొక్కినా అయిదు సెకన్లకు మించొద్దు, మధ్యలో పది సెకన్లు ఆగాలి. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ ఉన్న పాత బండి అయితే చోక్ లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టాలి.

తోసి స్టార్ట్ చేద్దామంటే గేర్లున్న పాత చేతక్‌కు చెల్లింది గానీ, ఇప్పటి గేర్లులేని స్కూటర్లకు కుదరదు. వీటిలో క్లచ్ ఇంజను వేగం పెరిగితేనే పట్టుకుంటుంది, ఆగిన ఇంజనుకు చక్రంతో సంబంధమే ఉండదు. జయపురం ఘాట్ రోడ్డు మీద ఎంత దూరం దొర్లించినా చెమట తప్ప ఫలితం ఉండదు. పక్కకు వంచి కొట్టడమూ వీటి దగ్గర పనికిరాదు.

ఇక ప్లగ్. బోల్టులు తియ్యడం వచ్చినవాళ్ళు ఇంట్లోనే చూసుకోవడం మేలు, ఎందుకంటే అది చెప్పే కబురు ఇంకెవరూ చెప్పరు. మొన లేత ఇటుకరంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. తడిగా పెట్రోలు వాసన వేస్తుంటే ఇంజనును పెట్రోలుతో ముంచేశారన్నమాట. అలాంటప్పుడు ప్లగ్ ఆరబెట్టి బిగించి, చోక్ వెనక్కి నెట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టండి. ఎంత కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు రావట్లేదన్నమాట. నిప్పు చూడాలంటే ప్లగ్‌కు క్యాప్ తొడిగి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు గట్టిగా ఆనించి, క్యాప్ రబ్బరు దగ్గర పట్టుకుని కిక్ కొట్టించాలి. గాల్లో పట్టుకుంటే కరెంటుకు దారి లేక, ప్లగ్‌కు నిప్పు పంపే సీడీఐ పెట్టె దెబ్బతినొచ్చు. దగ్గర్లో పెట్రోలు ఒలికి ఉండకూడదు. నీలంగా టపటపలాడితే నిప్పు బాగున్నట్టే. గరుకు కాగితంతో రుద్దిన పాత ప్లగ్ ఆ పూటకు నడిపిస్తుంది. అంతకన్నా దాన్ని నమ్మను, కొత్తది వేసుకోవడమే మంచిది.

వానాకాలంలో పెట్రోలు మీద అనుమానం పెట్టుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నీళ్ళు చేరితే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. బండి అడుగునుంచే తాగుతుంది కదా, ఇక ఎంత కొట్టినా లేవదు. లోపలి ఊళ్ళలో దుకాణాల దగ్గర సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకుంటే ముందు గాజు సీసాలో కాసేపు ఉంచి అడుగు చూడండి.

ఇదంతా అయినా లేవకపోతే షెడ్డా, కంపెనీయా? కార్బొరేటర్ బండికి కళ్ళు మూసుకుని షెడ్డే. చేతివాటం ఉన్న మేస్త్రీ అరగంటలో కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్, ఊది, ప్లగ్ క్యాప్ మార్చి ఇచ్చేస్తాడు. మన సరిహద్దు ఊళ్ళలో వాళ్ళకు తెలుగూ ఒరియా రెండూ వచ్చు కాబట్టి ఏం చేస్తున్నాడో పక్కన నిలబడి అడిగి తెలుసుకోవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ 6 అనే పొగ నిబంధనలతో వచ్చిన బండ్ల సంగతి వేరు. వాటిలో దాదాపు అన్నిటికీ పెట్రోలు పంపు, సెన్సర్లు, కంప్యూటరు ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే పంపుకు కరెంటు అందదు, అప్పుడు కిక్ ఉన్నా కష్టమే. డ్యాష్‌బోర్డులో ఇంజను గుర్తు ఆరకుండా వెలుగుతుంటే కంపెనీకే పంపండి, లేదా తప్పుల కోడ్ చదివే మిషన్ ఉన్న షెడ్డు వెతకండి. మిషన్ లేకుండా వైర్లు కోసి చూస్తానంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

ఎవరి దగ్గరికి పంపినా, తాళం ఇచ్చేటప్పుడు చప్పుడు ఎలా వచ్చిందో, ప్లగ్ తడిగా ఉందో పొడిగా ఉందో, ఆఖరిసారి పెట్రోలు ఎక్కడ పోయించారో చెప్పండి. విప్పిన పాత ప్లగ్ కూడా జేబులో వేసుకెళ్ళి చేతికివ్వండి.