కాలిఫోర్నియాలో పాత కారు కొంటున్నారా? స్మాగ్ సర్టిఫికెట్ చేతికి రాకుండా డబ్బు పంపకండి

బే ఏరియాలో పాత కారు వెతుక్కుంటున్న మనవాళ్లు, ముఖ్యంగా కొత్తగా ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు, ఇది చదివి వెళ్లండి. బండి కాలుష్య పరీక్ష పాసైందని ఇచ్చే కాగితమే స్మాగ్ సర్టిఫికెట్. ఒకాయన దగ్గర 2012 మోడల్ సెడాన్ కొన్నాను. బండి బాగానే నడిచింది, డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ లేదు. "స్మాగ్ ఒక్కటీ మీరు చేయించుకోండి, ధరలో వంద తగ్గిస్తా" అన్నాడు. అదీ ఎర.

స్మాగ్ సెంటర్‌లో కేబుల్ తగిలించగానే ఫెయిల్. 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇక్కడ పొగగొట్టం దగ్గర ఏమీ కొలవరు, కారు కంప్యూటర్‌లో ఏముందో చూస్తారు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం), ఆక్సిజన్ సెన్సర్లు లాంటివాటిని కారు తనంతట తాను పరీక్షించుకుని 'రెడీ' చూపించాలి. ఈ సొంత పరీక్షల్నే మానిటర్లంటారు. పెట్రోలు ఆవిరి లీకవుతోందా అని చూసే ఎవాప్ మానిటర్ ఒక్కటి మిగిలితే ఫర్వాలేదు, మిగతావన్నీ పూర్తయి ఉండాలి. నా బండిలో దాదాపు ఏదీ కాలేదు. అమ్మే ముందు కారు కంప్యూటర్‌లో లోపాలు చూపే కోడ్‌లు చెరిపేశారన్నమాట! కొన్నాళ్లు తిప్పేసరికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కోడ్ పీ0420, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. కిందికి వంగి చూసిన మెకానిక్ ఇంకో కబురు చెప్పాడు. అది చౌక రకం, కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించినట్టు ఉండాల్సిన ఈవో నంబరే లేదట. కోడ్ రాకపోయినా కంటి తనిఖీలో దొరికిపోయేది. ఆమోదమున్నది వేయడానికి చెప్పిన రేటు వెయ్యి డాలర్లు దాటింది.

సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. 'యాజ్ ఈజ్' (ఎలా ఉన్నది అలాగే) అని రాసుకున్నంత మాత్రాన అది పోదు. సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది. మరీ కొత్త మోడళ్లు, ఇంట్లోవాళ్ల మధ్య బదిలీ లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది.

చూడ్డానికి వెళ్లేముందు నంబర్ ప్లేటు అడిగి, బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ సైటులో స్మాగ్ చరిత్ర తీయండి, ఉచితమే. కారు కంప్యూటర్‌ని చదివే ఇరవై డాలర్ల బ్లూటూత్ స్కానర్ ఒకటి జేబులో వేసుకోండి. లైటు లేదని సంతోషపడకుండా మానిటర్లు రెడీగా ఉన్నాయా, కోడ్‌లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగింది అన్నవి చూడండి. అది పదో ఇరవయ్యో మైళ్లయితే వచ్చిన దారే పట్టండి. 2010, ఆ తర్వాతి మోడళ్లలో పర్మనెంట్ కోడ్‌లని ఉంటాయి. బ్యాటరీ తీసినా, స్కానర్‌తో చెరిపినా అవి పోవు, వాటి మీదా ఫెయిల్ చేస్తారు.

సొంత కారుకే స్మాగ్ గడువు దగ్గరపడితే ఆ నెలలో బ్యాటరీ జోలికి వెళ్లకండి. ట్యాంకు సగం అటూ ఇటూ ఉంచి, రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే తీసి హైవే మీదా ఊళ్లోనూ కొన్ని రోజులు తిప్పండి, మానిటర్లు వాటంతటవే పూర్తవుతాయి. ట్యాంకు మూత రబ్బరు చిట్లి ఉంటే మార్చండి. 'గ్యారంటీగా పాస్' అని అమ్మే సీసాలు మాత్రం కొనకండి. చెడిపోయిన కన్వర్టర్‌కి అది తీర్థం పోసినట్టే.

నాకు కారు అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్‌లు, స్మాగ్ రిపోర్టు, మెకానిక్ కొటేషన్ పట్టుకుని చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేస్తున్నాను. వ్యక్తులు అక్కడ 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, లాయర్ ఖర్చు ఉండదు. ఎవరైనా ఇలాంటి కేసు వేసి ఉంటే ఏ కాగితాలు పనికొచ్చాయో చెప్పండి.