సర్వేనా, ముఖాముఖినా, గమనించడమా? టీమ్‌లో ఎవరిని ఏది నడిపిస్తుందో తెలుసుకోవడానికి ఏది మేలు?

జీతమో బోనసో పెంచితే ఎవరైనా హుషారుగా పనిచేస్తారని చాలామంది లీడర్ల నమ్మకం. తమ సంగతికొస్తే మాత్రం "నాకు పని నచ్చాలి" అంటారు. తమను ఇష్టం నడిపిస్తుందనీ, ఎదుటివాళ్లను డబ్బే నడిపిస్తుందనీ అనుకోవడం మనుషుల్లో మామూలేనని పరిశోధకుడు చిప్ హీత్ 1999లోనే చూపించారు. కాబట్టి ఊహలు పక్కనపెట్టి, తెలుసుకునే దారి చూడాలి.

సర్వే సులువు. పేరు రాయనక్కర్లేదు కాబట్టి రూల్స్ మీద, జీతం మీద, పై అధికారి తీరు మీద కోపం ధైర్యంగా బయటికొస్తుంది. ఇలాంటివి సరిచేస్తే అసంతృప్తి తగ్గుతుందే తప్ప ఉత్సాహం పుట్టదని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పారు. ఆయన లెక్కలో ఉత్సాహం వచ్చేది ఏదో సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యతల నుంచి. అవి మనిషి మనిషికీ మారతాయి. పదిమంది జవాబుల సగటు ఆ పదిమందిలో ఏ ఒక్కరిదీ కాదు. అందుకే ఈ పనికి సర్వే చాలదు.

ముఖాముఖిలో మనిషి ఎదురుగా ఉంటాడు, నిజమే. కానీ అడిగేది బాస్. అందులోనూ అప్రైజల్ రోజుల్లో "నిన్ను ఏది మోటివేట్ చేస్తుంది?" అంటే "కొత్తవి నేర్చుకోవడం సార్" అనే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. అది అబద్ధమని కాదు. అంత పెద్ద ప్రశ్నకు అప్పటికప్పుడు నిజమైన జవాబు చాలామందికి దొరకదు.

ఇక గమనించడం. నా మొగ్గు దీనివైపే. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వవేత్త విద్యార్థులకు పజిల్స్ ఇచ్చి, కొందరికి మధ్యలో డబ్బు కూడా ఇచ్చారు. ఆయన ముఖ్యంగా చూసింది, పక్కన పత్రికలు ఉండగా ఖాళీ సమయంలో ఎవరు పజిల్ పట్టుకుని కూర్చుంటారన్నది. డబ్బు ఆగాక, తీసుకున్నవాళ్లు పజిల్ మీద గడిపే సమయం తగ్గింది. ఎవరూ చెప్పనప్పుడు మనిషి ఏ పనివైపు వెళ్తాడో చూడటం టీమ్‌లోనూ కుదురుతుంది. మీటింగుల్లో నోరు విప్పని అమ్మాయి, కొత్తగా చేరినవాళ్ల కోసం తనంతట తానే నోట్స్ రాసి పెడుతుంది. ఒకరు చిక్కుముడి లాంటి సమస్య వస్తే టీ కూడా మర్చిపోతారు, అది తేలిపోయి రోజువారీ పని మొదలవగానే నీరసపడతారు.

అయితే చూసింది చూసినట్టే నమ్మితే పప్పులో కాలేసినట్టే. రాత్రి దాకా కూర్చునేది పని మీద ఇష్టంతోనో, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తోనో బయటికి తెలియదు. నోట్స్ రాసే అమ్మాయికి నేర్పడం ఇష్టమా, లేక ఎవరూ పట్టించుకోవట్లేదని తనే మోస్తోందా?

అందుకే నా మాట: ముందు కొన్ని వారాలు గమనించండి, తర్వాత చూసినదాని గురించే అడగండి. "ఆ నోట్స్ చాలా బాగున్నాయి, రాయాలని ఎందుకనిపించింది?" అనండి. ప్రశ్న చిన్నదైతే జవాబు దానంతట అదే వస్తుంది. అప్రైజల్‌కు దూరంగా ఉన్న రోజు చూసుకుని అడగండి.

ఇంటి నుంచి పనిచేసే టీమ్‌లో గమనించడం కష్టం. అక్కడ ముఖాముఖికే ఎక్కువ సమయం ఇవ్వాలి. అయినా గ్రూప్ చాట్‌లో, తనను అడగని ప్రశ్నకు కూడా ఓపిగ్గా జవాబిచ్చేది ఎవరో చూడండి. మొదటి ఫోన్ వాళ్లకే చేయొచ్చు.