కెల్సస్, పోర్ఫిరీ, జూలియన్: క్రైస్తవంపై ఎవరి విమర్శ గట్టిది?

ఆది క్రైస్తవాన్ని గ్రీకు తత్త్వవేత్తలు ఎలా ఎదుర్కొన్నారన్న చర్చ వచ్చిన ప్రతిసారీ పాఠకులు అడిగేది ఒకటే: కెల్సస్, పోర్ఫిరీ, జూలియన్ చక్రవర్తి, ఈ ముగ్గురిలో ఎవరి విమర్శ బలమైనది, ఒక్కరినే చదవాలంటే ఎవరిని చదవాలి? నిజానికి ఇవి రెండు ప్రశ్నలు, వాటికి నా జవాబులు కూడా వేరు.

ముగ్గురి గ్రంథాలలో ఏదీ స్వతంత్రంగా మనకు దక్కలేదు. చార్వాకుల వాదం ఎక్కువగా వారిని ఖండించినవారి పూర్వపక్షాల ద్వారానే మనకు తెలిసినట్టు, ఇక్కడ కూడా విమర్శకుల మాట ఖండనకారుల పుటల్లోనే మిగిలింది. కాబట్టి ఎంత మిగిలిందన్నది ఖండించినవాడి పద్ధతిని బట్టి ఉంటుంది. ఈ విషయంలో కెల్సస్ అదృష్టవంతుడు. క్రీ.శ. 178 ప్రాంతంలో అతడు రాసిన ‘సత్యవాక్కు’ను క్రైస్తవ పండితుడు ఓరిగెన్ సుమారు 70 ఏళ్ల తర్వాత ఎనిమిది భాగాల గ్రంథంలో, అతని మాటలను వరుసగా ఎత్తి రాస్తూ ఖండించాడు, అందువల్ల అందులో అధిక భాగం నిలిచింది. వాదం మొదటి నుంచి చివరి దాకా ఎలా నడిచిందో చూడాలనుకునేవారు చదవవలసింది కెల్సస్‌నే. మొదట ఒక యూదుడి నోట యేసును ప్రశ్నింపజేసి, తర్వాత తానే రంగంలోకి దిగి, ప్రాచీన జాతులన్నీ కాపాడుకున్న జ్ఞానాన్ని కాదని నిన్నగాక మొన్న పుట్టిన బోధను ఎందుకు నమ్మాలని అడుగుతాడు. చివరికి సైన్యంలో చేరండి, పదవులు స్వీకరించి చక్రవర్తికి తోడ్పడండి అని క్రైస్తవులను పిలుస్తాడు.

అయితే అతని వాదంలో ఒక లోపాన్ని నేను క్షమించలేను. ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఇళ్లలోని పిల్లలనూ స్త్రీలనూ చేరదీసి బోధిస్తున్నారని అతడు ఈసడిస్తాడు. బోధ తప్పయితే తప్పని నిరూపించాలి గాని, బోధించేవాడి వృత్తిని చూపి తీసిపారేయడం విమర్శ అనిపించుకోదు.

నా దృష్టిలో విమర్శ బలాన్ని తేల్చే గీటురాయి ఒక్కటే: ఆ ఆక్షేపణను ప్రత్యర్థి తన సొంత గ్రంథం తెరిచి సరిచూసుకోగలగాలి. ఈ గీటురాయి మీద పోర్ఫిరీకి సాటి లేదు. తూరు పట్టణంలో పుట్టి, రోములో ప్లేటో మార్గపు తత్త్వవేత్త ప్లొటైనస్ వద్ద చదువుకున్న ఈ తత్త్వవేత్త క్రైస్తవులకు వ్యతిరేకంగా 15 భాగాల గ్రంథం రాశాడు. అందులో 12వ భాగం బైబిలులోని దానియేలు గ్రంథం మీద నడిచింది. ఆ గ్రంథం క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను చెరలో ఉన్న ప్రవక్త రాసినది కాదని, యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన గ్రీకు రాజు నాలుగవ అంతియొకస్ కాలంలో, అంటే క్రీ.పూ. 2వ శతాబ్దంలో, యూదయలోని ఒకరు రాసినదని పోర్ఫిరీ వాదించాడు. ఆ రాజు కాలం వరకు చెప్పినదంతా జరిగిన చరిత్రే గనుక సరిగ్గా ఉందని, అటుపైన ఊహించి రాసినదేమైనా ఉంటే అది తప్పిందని అతని తర్కం. దూషణ అవసరం లేకుండా, చరిత్రకారుల రాతలతో వచనం వచనం పోల్చి చూపిన వాదమిది. సంప్రదాయవాదులు నేటికీ దీనిని అంగీకరించరు గాని, బైబిలును చారిత్రక దృష్టితో పరిశోధించేవారిలో అత్యధికులు చేరుకున్న నిర్ణయం ఇదే.

గలతీయులకు రాసిన పత్రికలో పౌలు పేతురును అందరి ఎదుట మందలించిన ఘట్టాన్ని కూడా అతడు వదలలేదు; ముఖ్య బోధకులకే పొత్తు కుదరలేదని ఎత్తిచూపాడు. దానికి సమాధానంగా, ఆ మందలింపు ఇద్దరూ కలిసి ఆడిన నటన అని బైబిలు పండితుడు జెరోమ్ వ్యాఖ్యానిస్తే, అలా అంటే లేఖనమే అబద్ధమాడినట్టవుతుందని బిషప్ అగస్టీన్ అభ్యంతరం చెప్పాడు. ఒక ఆక్షేపణ, ఆక్షేపించినవాడు పోయిన వంద ఏళ్లకు కూడా, ఎదుటి పక్షంలోని ఇద్దరు మహాపండితుల మధ్య వివాదం రేపిందంటే దాని పదును ఎంతటిదో ఊహించవచ్చు. అందుకే కాబోలు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోర్ఫిరీ గ్రంథాన్ని నాశనం చేయమన్నాడు; 448లో దానిని తగలబెట్టాలని మళ్లీ శాసనం వెలువడింది. క్రైస్తవ పండితులు మెథోడియస్, యూసేబియస్, అపొలినారిస్ రాసిన ఖండనలు కూడా దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. 1916లో జర్మన్ పండితుడు హార్నాక్ ఇతరుల రాతల నుంచి 97 తునకలు కూర్చాడు గాని, వాటిలో చాలా భాగం క్రైస్తవ రచయిత మకారియస్ గ్రంథంలోని పేరు లేని ప్రత్యర్థి మాటలు. అవి పోర్ఫిరీవేనా అన్న వివాదం ఉంది గనుక వాటిని ఆధారం చేసుకోకపోవడం మంచిది.

జూలియన్‌కు ఉన్న అనుకూలత, అతడు క్రైస్తవుడిగా పెరిగినవాడు కావడం. 362-363 శీతకాలంలో అంతియొకయలో రాసిన ‘గలిలయులకు వ్యతిరేకంగా’లో (క్రైస్తవులను అతడు గలిలయులనేవాడు), మంచి చెడ్డల తెలివిని మనిషికి నిషేధించిన దేవుడు ఎలాంటివాడని, సర్వలోకానికీ దేవుడైనవాడు ఒక్క జాతినే ఎందుకు పట్టించుకున్నాడని అతడు అడిగిన ప్రశ్నలు సూటిగా తగులుతాయి. కాని క్రైస్తవులు గ్రీకు సాహిత్యం బోధించకుండా శాసనం చేసింది కూడా అతడే, దానిని అతని అభిమాని, క్రైస్తవేతరుడైన చరిత్రకారుడు అమ్మియానస్ సైతం తప్పుపట్టాడు. అధికారం చేతిలో ఉన్నవాడి వాదాన్ని నేను ఆ మేరకు తగ్గించే తూస్తాను. అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ రాసిన ఖండన వల్ల మనకు దక్కింది కూడా ముఖ్యంగా మొదటి భాగమే.

మహిమలు చేశాడని పేరున్న త్యానా తత్త్వవేత్త అపొలోనియస్‌ను యేసుతో పోల్చిన రోమన్ అధికారి హైరోక్లిస్ గురించి కొందరు అడుగుతారు. అతని వాదం తెలుసుకోవడానికి యూసేబియస్ పేరుతో ఉన్న చిన్న ఖండన చదివితే చాలు.

కాబట్టి మొత్తం వాదం కావాలంటే కెల్సస్, బలమైన వాదం కావాలంటే పోర్ఫిరీ. పోర్ఫిరీతో మొదలుపెట్టేవారు తెలుగు బైబిలులో దానియేలు 11వ అధ్యాయం తెరిచి, జెరోమ్ 407లో రాసిన వ్యాఖ్యను పక్కన పెట్టుకోవాలి. 21వ వచనం దగ్గర జెరోమ్ ఆగి, ఇంతవరకు తమకూ పోర్ఫిరీకీ భేదం లేదని ఒప్పుకొంటాడు. అక్కడి నుంచి వర్ణించిన రాజు అంతియొకస్ అని పోర్ఫిరీ అంటే, లోకాంతంలో రాబోయే క్రీస్తు విరోధి అని జెరోమ్ అంటాడు.