సియాటెల్ నుంచి స్కీయింగ్: స్నోక్వాల్మీ, స్టీవెన్స్, క్రిస్టల్‌లలో ఎప్పుడు ఎక్కడికి

సియాటెల్, బెల్లెవ్యూ, రెడ్‌మండ్ వైపు ఉన్నవాళ్ళు పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో మూడు స్కీ రిసార్టులున్నాయి. ఐ-90 మీద స్నోక్వాల్మీ, యూఎస్-2 మీద స్టీవెన్స్ పాస్, ఎనమ్‌క్లా దాటాక 410 రోడ్డు వైపు క్రిస్టల్ మౌంటెన్. స్నోక్వాల్మీ సియాటెల్‌కి 50 మైళ్ళు, మిగతా రెండూ 80 మైళ్ళ చుట్టుపక్కల. చాలామంది దూరాన్నో, చేతిలో ఉన్న సీజన్ పాస్‌నో చూసుకుని బయల్దేరతారు. ముందు చూడాల్సింది ఎత్తు.

ఇక్కడి కొండలు సముద్రానికి దగ్గర. డిసెంబర్‌లోనైనా, జనవరిలోనైనా రెండు రోజుల తేడాలో మంచు కాస్తా వాన అయిపోతుంది. అందుకే వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కంటే అడుగుల్లో ఇచ్చే ‘ఫ్రీజింగ్ లెవెల్’ అనే ఎత్తు ముఖ్యం. ఆ ఎత్తు దగ్గర గాలి సున్నా డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది. పడే మంచు కరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి దానికి ఇంచుమించు వెయ్యి అడుగుల కింద దాకా మంచుగానే పడుతుంది. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు సుమారు 3,000 అడుగులు, స్టీవెన్స్ 4,061, క్రిస్టల్ అడుగుభాగం దాదాపు 4,400, దాని పైకొస 7,000. ఫ్రీజింగ్ లెవెల్ 5,000 అని చూపిస్తుంటే స్నోక్వాల్మీలో తడిసి ముద్దవుతారు, స్టీవెన్స్ కింది భాగంలో వానా మంచూ కలిసి పడతాయి, క్రిస్టల్‌లో మాత్రం మంచు. అదే 2,500 అని ఉంటే అంత దూరం పోనక్కర్లేదు, స్నోక్వాల్మీయే హాయి.

స్నోక్వాల్మీకి ఒక మినహాయింపు ఉంది. తూర్పు వాషింగ్టన్‌లో పేరుకున్న చలిగాలి కనుమ సందులోంచి పడమటికి తోసుకొస్తుంది. అలాంటప్పుడు పైన గాలి వెచ్చబడ్డా రోడ్డు మీద చలి వదలదు. ఒక్కోసారి దానివల్ల మంచు నిలబడుతుంది, ఒక్కోసారి పడిన వాన పడినట్టే గడ్డకడుతుంది. సూచనలో ‘ఫ్రీజింగ్ రెయిన్’ అన్న మాట కనిపిస్తే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. దానికి టైర్లకి వేసే గొలుసులూ ఫోర్ వీల్ డ్రైవూ పెద్దగా అక్కరకు రావు.

మొదటిసారి స్కీ తొడిగేవాళ్ళకీ, పిల్లలతో వెళ్ళేవాళ్ళకీ స్నోక్వాల్మీయే సరైనది. అది ఒకే చోటు కాదు, నాలుగు విడివిడి బేస్‌లు, అంటే కొండ కింది మకాములు. వెస్ట్, సెంట్రల్, ఈస్ట్ పక్కపక్కనే ఉంటాయి. ఆల్పెంటల్ మాత్రం ఐ-90కి అవతలి పక్క, లోయలోకి వెళ్ళాలి. వెస్ట్‌కీ ఆల్పెంటల్‌కీ ఎగ్జిట్ 52, సెంట్రల్‌కి 53, ఈస్ట్‌కి 54. టికెట్ ఒకటే కదా అని ఆల్పెంటల్‌కి తీసుకెళ్తే కొత్తవాళ్ళు బెదిరిపోతారు. అక్కడి వాలు చాలా నిటారు, అనుభవజ్ఞుల కోసమే ఉన్నట్టుంటుంది. కొత్తవాళ్ళకి వెస్ట్ మేలు. వాలు తక్కువ, కింద నిలబడ్డ అమ్మానాన్నలకి పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. సెంట్రల్‌లో కూడా నేర్చుకునే చోటుంది గానీ జనం ఎక్కువ.

మొదటి రోజుకి పూర్తి లిఫ్ట్ టికెట్ (వాలు పైకి చేర్చే యంత్రాలన్నీ ఎక్కే టికెట్) కొనడం దండగ. ‘ఫస్ట్ టైమర్’ ప్యాకేజీల్లో పాఠం, అద్దె సామాను, చిన్న లిఫ్టుల టికెట్ కలిపి ఇస్తారు. అంతకు మించి మొదటి రోజు వాడుకోలేరు. నేల మీద కదిలే పట్టీ లాంటి ‘మ్యాజిక్ కార్పెట్’ మీద పైకెళ్ళడం, స్కీ ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం, అదే భంగిమలో ఎడమకీ కుడికీ తిరగడం, ఇవి వచ్చేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. స్నేహితుడు నేర్పిస్తాడులే అని నేరుగా కుర్చీ లిఫ్ట్ ఎక్కితే దిగే చోటే పడిపోతారు, వెనక వచ్చేవాళ్ళ కోసం లిఫ్ట్ ఆపాల్సొస్తుంది. పాఠాలు శని, ఆదివారాల్లో ముందే నిండిపోతాయి. టికెట్ల ధర కూడా రోజును బట్టి మారుతుంది, కిటికీ దగ్గర కొనేకన్నా రోజుల ముందు ఆన్‌లైన్‌లో చవక. కొంచెం వచ్చినవాళ్ళకి వారం మధ్య రాత్రి స్కీయింగ్ మంచి బేరం. ఆఫీసు అయ్యాక బెల్లెవ్యూ నుంచి ముప్పావు గంటలో చేరొచ్చు.

స్కీయింగ్ వద్దు, పిల్లలు మంచులో జారితే చాలు అనుకుంటే సెంట్రల్ పక్కన ట్యూబింగ్, అంటే గాలి నింపిన ట్యూబు మీద కూర్చుని జారడం, ఉంది. దానికి స్కీ టికెట్ పనికిరాదు, గంటల స్లాట్ ప్రకారం విడిగా కొనాలి. ఎగ్జిట్ 54 దగ్గర హయాక్ స్నో-పార్క్‌లో సొంత స్లెడ్డు తెచ్చుకుని జారొచ్చు. బండికి స్నో-పార్క్ పర్మిట్ ముందే తీసుకోవాలి, శనివారం పొద్దున్నే పార్కింగ్ నిండుతుంది. ఈ రెండూ కాక ఐ-90 ర్యాంపు పక్కన బండి ఆపి గుట్ట మీద పిల్లల్ని జారనిచ్చేవాళ్ళు కనిపిస్తుంటారు. మంచు తవ్వే బండ్లు తిరిగేది ఆ అంచునే. దయచేసి ఆ పని చేయకండి.

స్కీ బూటు అద్దెకి తీసుకునే దగ్గర తొందరపడితే రోజంతా నరకం. సాక్స్ ఒకే జత, పల్చటివి, మోకాలి కింద దాకా వచ్చేవి. రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి పాదం ఇంకా చల్లబడుతుంది. బూటు లోపల సాక్స్ తప్ప ఏదీ ఉండకూడదు, థర్మల్ ప్యాంటు అంచు కూడా. ఆ మడత మోకాలి కింద ముందు వైపు ఎముక మీద నొక్కుకుని మధ్యాహ్నానికి కాలు మోపనివ్వదు. నిటారుగా నిలబడితే వేలి కొనలు ముందు గోడను తాకీ తాకనట్టుండాలి, మోకాళ్ళు ముందుకి వంచితే వేళ్ళు వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు. ఫారంలో బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ అనుభవం నిజంగా ఉన్నవే రాయండి. వాటిని బట్టే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత ఒత్తిడికి ఊడాలో బిగిస్తారు. మొహమాటానికి ‘బాగా వచ్చు’ అని రాస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలి తిరుగుతుంది. బరువు తగ్గించి రాస్తే మలుపులో ఊరికే ఊడిపోతుంది. ఊళ్ళోని షాపులో ముందు రోజు సాయంత్రం తెచ్చుకుంటే పొద్దున క్యూ తప్పుతుంది, కానీ కొండ మీద బూటు నొప్పెడితే మార్చుకోవడానికుండదు. అందుకని మొదటిసారికి కొండ మీదే తీసుకోవడం మంచిది. ఏటా ఎదిగే పిల్లలకి సీజన్ మొత్తానికి లీజు తీసుకుంటే గిట్టుబాటు, సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే సైజులు దొరుకుతాయి.

జీన్స్ వద్దు. ఇక్కడి మంచు పొడిగా ఉండదు, నీళ్ళతో బరువెక్కి ఉంటుంది. దాన్ని స్థానికులు ‘క్యాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. నూలు గుడ్డ గంటలో తడిసి ఒంటికి అతుక్కుంటుంది. నీరు దూరని ప్యాంటు, గ్లోవ్స్ తప్పనిసరి, గ్లోవ్స్ ఇంకో జత ఉంటే ఇంకా మేలు. మబ్బు రోజులే ఎక్కువ కాబట్టి గాగుల్స్‌కి నల్ల అద్దం కంటే పసుపు లేదా గులాబీ రంగుది పనికొస్తుంది.

ఇక రోడ్డు. బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ డబ్ల్యూఎస్‌డాట్ యాప్‌లో కనుమ పరిస్థితి చూడాలి, కెమెరాలు కూడా ఉంటాయి. ‘ట్రాక్షన్ టైర్స్ రిక్వైర్డ్’ అంటే టైరు మీద ఎం ప్లస్ ఎస్, ఆల్ సీజన్ లేదా కొండ-మంచుపూవు గుర్తు ఉండి, గాడి కనీసం అంగుళంలో 8వ వంతు లోతుండాలి. ‘చైన్స్ రిక్వైర్డ్’ అంటే ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, కానీ గొలుసులు బండిలో ఉండి తీరాలి. పాటించకపోతే 500 డాలర్ల దాకా జరిమానా. గొలుసు సైజు టైరు పక్కనున్న అంకెల ప్రకారం కొనాలి. కొన్ని బండ్లలో చక్రం చుట్టూ చోటు తక్కువ, సన్నటి కేబుల్ రకమే పడుతుంది, ఆ సంగతి మాన్యువల్‌లో ఉంటుంది. అద్దె కారైతే గొలుసులు వేయనిస్తారో లేదో ఒప్పందంలో చదవండి. ఇంటి ముందు ఎండలో ఒకసారి వేసి తీసి చూసుకోవాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలకే. చిక్కులు విప్పి టైరు మీద పరిచి, మొదట లోపలి కొక్కెం, తర్వాత బయటిది తగిలించి బిగించాలి. కొద్ది గజాలు నడిపి, దిగి, మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు మానేసినవాళ్ళ గొలుసే వదులై ఫెండర్‌కి కొట్టుకుంటుంది. 30 మైళ్ళ వేగం దాటకూడదు, మంచులేని రోడ్డు రాగానే తీసేయాలి. మంచుచరియల్ని ముందే కూల్చడానికి రోడ్డు ఆపేస్తుంటారు కాబట్టి సగం ట్యాంకు పైన పెట్రోలు, దుప్పట్లు, నీళ్ళు ఉంచుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మంచు కొండ చూపించాలంటే క్రిస్టల్. అక్కడ గొండోలా (తీగ మీద నడిచే మూసిన క్యాబిన్) ఎక్కితే స్కీ తొడక్కుండానే 6,872 అడుగుల ఎత్తుకి చేరి, ఎదురుగా 14,410 అడుగుల రెయినియర్ శిఖరాన్ని చూడొచ్చు. మబ్బు పట్టిన రోజు ఆ డబ్బు వృథా, గాలి ఎక్కువైతే గొండోలా ఆపేస్తారు కూడా. పొద్దున కెమెరా చూసి ఆకాశం తేటగా ఉంటేనే వెళ్ళండి. ఈ ఎత్తుల్లో కొలరాడోలో మాదిరి ఆయాసం పెద్దగా ఉండదు. వారాంతాల్లో పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలేమో చూసుకోండి. చలికాలంలో 410 మీద చినూక్, కేయూస్ కనుమలు మూసేస్తారు, కాబట్టి వెళ్ళిన దారినే రావాలి.

స్టీవెన్స్‌లో వాలు రకరకాలుగా ఉంటుంది, ఓ మోస్తరుగా వచ్చినవాళ్ళకి బాగా నచ్చుతుంది. కొత్తవాళ్ళకి డేజీ లిఫ్ట్ ఉంది. వెనక వైపు మిల్ వ్యాలీ మాత్రం కాస్త చేయి తిరిగాకే. యూఎస్-2 చాలా మేర రెండు వరుసల రోడ్డు, ఆదివారం సాయంత్రం సుల్తాన్, మన్రో దగ్గర బండ్లు బారులు తీరతాయి. చాలా రిసార్టుల్లో చెల్లే సీజన్ పాస్‌లలో ఇక్కడి లిఫ్టులు ఎపిక్ పాస్ కింద, స్నోక్వాల్మీ, క్రిస్టల్ ఐకాన్ పాస్ కింద వస్తాయి.

బస విషయానికొస్తే స్నోక్వాల్మీకి హోటల్ అవసరమే లేదు, ఉండాలనుకుంటే నార్త్ బెండ్ చాలు. స్టీవెన్స్ అడుగున గదులుండవు. 35 మైళ్ళు తూర్పున లెవెన్‌వర్త్ ఉంది, డిసెంబర్‌లో దీపాల కోసం జనం విరగబడతారు, గదుల ధరలు చుక్కల్లో ఉంటాయి. క్రిస్టల్‌కి కొండ కిందే కొన్ని చిన్న హోటళ్ళున్నాయి. రెండు రోజులుంటే అక్కడ డబ్బు పెట్టడం సబబు, పార్కింగ్ బాధ తప్పుతుంది.

శాకాహారులకి రిసార్టుల లాడ్జిల్లో (తిండి దొరికే భవనాల్లో) ఫ్రెంచ్ ఫ్రైస్, పిజ్జా మించి ఆశించొద్దు. పులిహోర, చపాతీ చుట్టలు, ఫ్లాస్కులో టీ బండిలో పెట్టుకెళ్తే పన్నెండున్నర క్యూ తప్పుతుంది. పదకొండింటికే తినేసి అందరూ తినే వేళకి లిఫ్టు ఎక్కితే వరుస ఉండదు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి స్కీయింగ్ గాయాలు వర్తించవు. పెద్దవాళ్ళు ఉత్సాహపడి స్కీ తొడిగే ముందు ఆ పాలసీ చూసుకోండి.