సీఎస్ఆర్ గ్రాంటు ఇప్పిస్తామని ముందే డబ్బులడిగితే కట్టకండి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు చిన్న సొసైటీలు, మహిళా సంఘాలు నడుపుతున్నవాళ్లంతా దయచేసి ఇది చదవండి. సీఎస్ఆర్ గ్రాంటు, అంటే పెద్ద కంపెనీలు తమ లాభంలోంచి సమాజానికి పనికొచ్చే పనులకు ఇచ్చే డబ్బు, ఇప్పిస్తానన్న ఒక కన్సల్టెంటును నమ్మి మా సంఘం 42,500 రూపాయలు పోగొట్టుకుంది. అడ్డాకులు కుట్టి, విస్తళ్లు అమ్మి 31 మంది ఆడవాళ్లు కూడబెట్టుకున్న డబ్బులవి. రెండో ప్రెస్ మిషను కొందామని దాచుకున్నారు.

మార్చిలో ఆయన ఫోన్ చేశాడు. తెలుగులోనే, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మా సొసైటీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు గడగడా చెప్పేసరికి నిజంగానే పెద్దచోటు నుంచి వచ్చిన ఫోన్ అనుకున్నాం. స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో మన సంస్థల వివరాలు ఎవరైనా చూడొచ్చన్న సంగతి అప్పుడు తట్టలేదు. ముంబైలోని ఒక కంపెనీ ఫౌండేషన్ ఆడవాళ్ల స్వయం ఉపాధికి 18 లక్షలు ఇస్తోందని, మన పేరు లిస్టులో ఉందని చెప్పాడు.

ముందు సీఎస్ఆర్-1 నంబరుకూ (సీఎస్ఆర్ డబ్బుతో పనిచేసే సంస్థల నమోదు నంబరు) డిజిటల్ సిగ్నేచర్‌కూ (ఆన్‌లైన్ ఫారాల మీద పెట్టే సంతకం) కలిపి 6,500 తీసుకున్నాడు. ఆ పని నిజంగానే చేశాడు. వారంలో నంబరు వచ్చింది, పోర్టల్లో కనిపించింది. మేం పడిపోయింది అక్కడే. ఆ కాగితం చూసి సగం గ్రాంటు వచ్చేసినట్టే సంబరపడ్డాం. తర్వాత ప్రాజెక్టు రిపోర్టుకని 11,000 తీసుకున్నాడు. చివర్లో గ్రాంటు విడుదలకు జీఎస్టీ కట్టాలంటూ 25,000 తన సొంత ఖాతాకే యూపీఐ చేయించుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి ఫోన్ స్విచాఫ్.

శాంక్షన్ లెటరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సంతకం చుట్టూ తెల్లటి చతురస్రం కనిపిస్తోంది, ఎక్కడి నుంచో కత్తిరించి అతికించారు. వచ్చింది మామూలు జీమెయిల్ నుంచి. ప్రాజెక్టు రిపోర్టు తొమ్మిదో పేజీలో "ఉప్పు మడుల్లో పనిచేసే మహిళలు" అని ఉంది. మా సవర పల్లెల్లో, కొండల మీద ఉప్పు మడులు ఎక్కడివి? ఒక్కసారి కూర్చుని చదివి ఉంటే తెలిసిపోయేది. డబ్బులొస్తాయన్న ఆత్రంలో ఆఖరి పేజీలోని అంకె మాత్రమే చూశాం.

తర్వాత బరంపురంలో మా ఆడిటరు గారి దగ్గర రెండు గంటలు కూర్చుని అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

సీఎస్ఆర్-1 అంటే గ్రాంటు కాదు. కంపెనీల సీఎస్ఆర్ డబ్బుతో పనిచేసే సంస్థలు 2021 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. అంతే. దానికి ప్రభుత్వ ఫీజు లేదు. డిజిటల్ సిగ్నేచర్ ఖర్చు, సీఏ గారి సర్టిఫికేషన్ ఫీజు మాత్రం ఉంటాయి. ఫారం సరిగా పడితే నంబరు దానంతటదే వస్తుంది. దర్పణ్ నమోదు కూడా ఉచితమే.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చోటుకూ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మన జిల్లాలో ఫ్యాక్టరీ కాదు కదా, ఒక ఆఫీసు కూడా లేని కంపెనీ అడగకుండానే మనల్ని ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందో ముందు అడగాలి. ఆమోదించిన ప్రాజెక్టులను కంపెనీ తన వెబ్‌సైట్లో పెట్టాలి, అక్కడ చూడండి. అక్కడున్న నంబరుకే ఫోన్ చేయండి, లెటరు మీదున్న నంబరుకు కాదు.

నిజంగా ఇచ్చేవాళ్లు మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు, మనిషి ఊరికొచ్చి మిషను తిరుగుతోందా, పుస్తకాలు రాస్తున్నారా అని చూస్తారు, ఒప్పందం రాసుకుని విడతలుగా ఇస్తారు. డబ్బు వాళ్ల దగ్గర్నుంచి మన ఖాతాకు రావాలి. మన ఖాతా నుంచి ఎవరి సొంత ఖాతాకో వెళ్లకూడదు, జీఎస్టీ అన్నా, డిపాజిట్ అన్నా సరే. గ్రాంటులో సగం నగదుగా వెనక్కివ్వాలని అడిగేవాళ్లూ ఉన్నారని ఆడిటరు గారు చెప్పారు. అలాంటివాళ్లతో అసలు మాట్లాడొద్దు, రేపు కేసయితే ఇరుక్కునేది సెక్రటరీయే.

ఇంకోటి, మేం చేసిన పెద్ద తప్పు. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, అంటే ఆ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, ఆయన దగ్గరే ఉంచేశాం. లాగిన్‌కు ఆయన మెయిలే ఇచ్చాడు, ఓటీపీలు మేమే చదివి చెప్పాం. డబ్బు పోయిన బాధ ఒకెత్తు, మా సంతకం ఎవరి చేతిలోనో ఉందన్న టెన్షన్ ఇంకొకెత్తు. దాన్ని రద్దు చేయించి కొత్తది తీసుకున్నాం. డాంగిల్, పాస్‌వర్డ్ ఎవరికీ వదలకండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేం సిగ్గుపడి నాలుగు రోజులు ఆగాం. అప్పటికి ఆ ఖాతా ఖాళీ. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు రాలేదు.

నిన్న కాశీనగర్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఫౌండేషన్ పేరు వేరు, లెటరు మాత్రం అదే, సంతకం చుట్టూ అదే తెల్ల చతురస్రం. రేపటిలోగా పాతిక వేలు కట్టమన్నారట. ఆగమన్నాను, ఆగింది. మీలో ఎవరికైనా అలాంటి లెటరు వచ్చి ఉంటే కట్టకముందే నాకు చూపించండి, మా దాని పక్కన పెట్టి చూద్దాం.