తుఫాను షెల్టరా, పట్టణానికి తరలింపా?

గోదావరి డెల్టాలో విపత్తు వేళ జనాన్ని ఊళ్లోని తుఫాను షెల్టరుకు చేర్చాలా, అమలాపురం వంటి పట్టణానికి తరలించాలా అన్నది, 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన పనిచేసే జిల్లా సంస్థ ముందుగానే ప్రణాళికలో తేల్చుకోవలసిన విషయం.

ఖర్చు: షెల్టరుకు నిర్మాణం, ఆపై ఏటా మరమ్మతులు, తరలింపుకు బస్సులు, పడవలు, భోజనాలు.

శ్రమ: షెల్టరుకు నడిచి వెళ్లవచ్చు. పట్టణానికి రమ్మంటే పాడిగేదెలను వదిలి లంక (గోదావరి మధ్యలోని దీవి) రైతు కదలడు. పశువులకు చోటు చూపని ప్రణాళిక, నా దృష్టిలో, సగం ప్రణాళికే.

ప్రమాదం: 1996 నవంబరు 6 నాటి తుఫాను గంటల వ్యవధిలో కోనసీమను ఊడ్చేసింది, అటువంటప్పుడు దగ్గరలోని పక్కా భవనమే దిక్కు. వరద అలా కాదు. భద్రాచలం వద్ద నీరు పెరగడం చూసి సిద్ధపడే వ్యవధి ఉంటుంది, ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకు వరుసగా మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. అయితే లంకకు దారైన కాజ్‌వే (నీటిమీదుగా వేసిన ఎత్తు తక్కువ రోడ్డు) మునిగాక బస్సు పనికిరాదు, పడవే గతి.

కాబట్టి తుఫానుకు షెల్టరు, లంకల వరదకు రెండవ హెచ్చరికకు ముందే తరలింపు మేలు. నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ రోగులను మాత్రం ఏ విపత్తులోనైనా ముందుగా ఆసుపత్రి ఉన్న పట్టణానికే పంపాలి.