ఫోనా, డెస్క్‌టాపా? చదివేది అక్షరమో బొమ్మో చూసుకోండి

కిందటి నెల సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి ఒక పాత డెస్క్‌టాప్ కొనుక్కొచ్చాను. సీటీసీ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ బాగు చేయించుకున్నవాళ్లలో ఆ మెట్లెక్కనివాళ్లు తక్కువ. ఏదో ఆఫీసు వదిలించుకున్న డబ్బా 14 వేలు, 24 అంగుళాల మానిటర్ విడిగా 8 వేలు. ఆటోలో ఇంటికి తెచ్చిన రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. మా పిన్ని కొడుకైతే మొహం మీదే అడిగేశాడు: "చేతిలో అంత ఫోను పెట్టుకుని మళ్లీ ఈ డబ్బా ఎందుకన్నయ్యా?" పక్కింటాయనా అడిగాడు, ఆఫీసులో ఇద్దరు ముగ్గురూ అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

రోజువారీ పనుల సంగతి ముందే తేల్చేద్దాం. అక్కడ పోటీయే లేదు, ఫోనే. 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే పర్సు. కంప్యూటర్ ముందు కూర్చుని దర్జాగా రైలు టికెట్టు తీసినా, చివర్లో ఓటీపీ కోసం ఫోను ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 'మన మిత్ర' అనే ప్రభుత్వ వాట్సాప్ సేవ మొదలయ్యాక కొన్ని సర్టిఫికెట్లకూ బిల్లులకూ వాట్సాప్‌లోనే పనైపోతోంది. ఫోటోలు, మ్యాపులు, వీడియో కాల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఫోను మానేసి డెస్క్‌టాప్ కొనుక్కోమని ఎవరూ అనరు. ఫోను ఎలాగూ ఉంటుంది. దానికి తోడు ఇంకో ఇరవై వేలు పెట్టి బల్ల మీద ఒక పెద్ద తెర పెట్టుకోవడం దండగా కాదా, అసలు ప్రశ్న అది.

నా జవాబు మనం ఏం చదువుతాం అన్నదాని మీద ఆధారపడి ఉంది. అందులోనూ తెలుగులో ఏం చదువుతాం అన్నదాని మీద.

ఆన్‌లైన్‌లో మనం చదివే తెలుగు రెండు రకాలు. ఒకటి అక్షరం, రెండోది అక్షరం బొమ్మ. వార్తల సైట్లు, తెలుగు వికీపీడియా, ఈమాట లాంటి పత్రికలు, వాట్సాప్‌లో వచ్చే కథలు మొదటి రకం. స్కాన్ చేసిన పాత పుస్తకాలు, ఈ-పేపర్లు, పంచాంగాలు, జీవోలు రెండో రకం. ఏది ఏదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. కింది లైనులోని మాటలు పై లైనులోకి ఎక్కి వాక్యం కొత్త వెడల్పుకి సర్దుకుంటే అది అక్షరం. లైన్లు ఎక్కడివక్కడే ఉండి, పేజీ మొత్తం పెద్దదైతే అది బొమ్మ.

మీరు చదివేదంతా మొదటి రకమే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఫోను చాలు. ఇది నేను ఊరికే అనడం లేదు, మా అమ్మను చూసి అంటున్నాను. ఆమెకు 74 ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దవి చేయొచ్చో అంత పెద్దవి చేసుకుంది. లైనుకి మూడు మాటలు పడతాయి, ఒక్కోసారి రెండే. 'విశ్వవిద్యాలయాధికారులందరికీ' లాంటిది వస్తే లైనంతా అదే. మన మాటలు అతుక్కుని పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఒక లైను నిండుగా, ఇంకో లైను బోడిగా ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు కానీ ఆమెకు అదేమీ పట్టదు. పడక మీద పక్కకు తిరిగి పడుకుని సీరియల్ నవలలు నమిలేస్తుంది. కొత్త మానిటర్ చూపిస్తే, "ఒరేయ్, ఆ టీవీ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని చదవాలా? నావల్ల కాదు" అంది. మొదటి రకం చదువుకు ఆమె తీర్పే నా తీర్పు. ఒకప్పుడు ఫోన్లలో తెలుగంటే డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. కంప్యూటర్లో ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు దింపుకునేవాళ్లం. ఆ రోజుల్లో కంప్యూటర్ తప్ప గతి లేదు. అన్ని భాషల అక్షరాలకీ ఒకే ఉమ్మడి పద్ధతిగా యూనికోడ్ వచ్చి ఆ బాధ తీర్చింది.

చిక్కంతా రెండో రకంతోనే. నేను చదివేది ఎక్కువగా అదే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేయించిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉన్నాయి. అచ్చులో ఎక్కడా దొరకనివి, ఏ గ్రంథాలయంలోనో చెదలు తింటున్నవి, ఉచితంగా దింపుకోవచ్చు. ఇంత నిధి దొరికిందని మొదట్లో ఫోన్లో నలభై యాభై పుస్తకాలు దింపి పెట్టుకున్నాను. ఒక్కటీ పది పేజీలు దాటలేదు. నా బద్ధకమే అనుకున్నాను. తర్వాత ఒక రోజు స్కేలు తీసుకుని కొలిచాను.

మన పాత పుస్తకాల్లో డెమ్మీ 1/8 సైజు చాలా మామూలు. పేజీ వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు, పొడవు 21.5. నా ఫోను 6.5 అంగుళాలదని అంటారు కానీ అది మూల నుంచి మూలకు కొలిచిన లెక్క. నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 7 సెంటీమీటర్లకి కాస్త లోపే. అంటే పేజీ సగానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 6 పాయింట్లదవుతుంది. ఇంగ్లీషైతే ఆ సైజులో కళ్లు చికిలించి ఎలాగో లాగించవచ్చు. తెలుగుకి తల మీద గుడి, కింద వత్తు, పొట్టలో చుక్క. ద, ధ, థ మధ్య తేడా ఒక గీత, ఒక చుక్క. ప, ఫ అంతే. గుడికి గుడిదీర్ఘానికి తేడా చిన్న మెలిక. 1930ల నాటి పుస్తకమైతే అరసున్నలు, బండి ఱలు ఉంటాయి. నలుపు తెలుపు స్కాన్‌లో అది అరసున్నో, కాగితం మీద ఈగ వేసిన మచ్చో బ్రహ్మదేవుడికే తెలియాలి.

ఫోన్ని అడ్డంగా తిప్పవచ్చు కదా అంటారు. తిప్పాను. అప్పుడు వెడల్పు 15 సెంటీమీటర్లు, పేజీ అసలు సైజులోనే వస్తుంది. కానీ ఎత్తు 7 లోపు. పైన కింద పట్టీలు పోగా ఏడెనిమిది లైన్లు కనిపిస్తాయి. పద్యం ఒక తెరలో, తాత్పర్యం ఇంకో తెరలో. అడుగున ఫుట్‌నోట్ ఉంటే అక్కడిదాకా జారి, మళ్లీ పైకొచ్చి ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి.

మరి మానిటర్? ఇక్కడ దాన్ని ఊరికే మెచ్చుకుంటే తప్పు. దాని వెడల్పు 53 సెంటీమీటర్లు, నిజమే. కానీ ఫోను కంటికి ఒక అడుగు దూరంలో ఉంటే మానిటర్ రెండు అడుగుల దూరంలో ఉంటుంది. చేతిలో పుస్తకం ఎంత కనిపిస్తుందో అంత కనిపించాలంటే పేజీని రెండింతలు చేయాలి, అంటే 28 సెంటీమీటర్లు. అలా చేస్తే ఎత్తులో పేజీ మొత్తం పట్టదు, సగం దాటి కనిపిస్తుంది. ఫోన్లో పావు, ఇక్కడ సగానికి పైన. ఇది మరీ గొప్ప తేడా కాదనిపించవచ్చు. అయితే పక్కన ఇంకా 25 సెంటీమీటర్లు ఖాళీగా మిగులుతుంది చూడండి, నాకు ఆ ఖాళీయే ముఖ్యం. అందులో ఆంధ్రభారతి సైట్లోని నిఘంటువు తెరిచి పెట్టుకుంటాను. తెలియని మాట రాగానే పక్కన కొట్టి అర్థం చూస్తాను, పుస్తకం కదలదు. ఫోన్లో అదే పని చేయాలంటే పుస్తకం మూయాలి, బ్రౌజర్ తెరవాలి, తిరిగొచ్చేసరికి ఒక్కోసారి పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ లోడ్ అవుతుంది. అలా రెండుసార్లయ్యాక మూడో మాటకి అర్థం చూడటం మానేస్తాం. పాత పుస్తకాల్ని అక్షరాల్లోకి మార్చి పెట్టే వికీసోర్స్ సైట్లో అచ్చుతప్పులు దిద్దే అలవాటున్నవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ఒక పక్క స్కాన్ బొమ్మ, ఇంకో పక్క దిద్దాల్సిన పాఠం. ఆ పని ఫోన్లో చేసేవాళ్లుంటే వాళ్లకి నా దండం.

ఇంకో సంగతి నలభై దాటినవాళ్లకి. చత్వారం వచ్చాక అడుగు దూరంలోని అక్షరం కంటే రెండు అడుగుల దూరంలోని పెద్ద అక్షరం కంటికి సుఖం. కానీ రెండు పవర్ల అద్దాలున్నవాళ్లు జాగ్రత్త. చదివే పవరు అద్దం అడుగు భాగంలో ఉంటుంది కాబట్టి మానిటర్ చూడ్డానికి తెలియకుండానే గడ్డం పైకెత్తుతాం. వారం తిరిగేసరికి మెడ పట్టేస్తుంది. నాకు పట్టేసింది. మానిటర్ ఎత్తు తగ్గించి, కంప్యూటర్ దూరానికి సరిపడా విడిగా ఒక జత అద్దాలు చేయించుకున్నాక సర్దుకుంది. డెస్క్‌టాప్ ఖర్చులో ఆ అద్దాలు కూడా కలుపుకోండి.

ఫోను మోగుతూ ఉంటుంది, మనసు నిలవదు అనే వాదన చాలామంది చేస్తారు. నాకది పెద్ద కారణంగా తోచదు. మోగకుండా నొక్కిపెట్టే మీట ఉండనే ఉంది. పైగా యూట్యూబ్ డెస్క్‌టాప్‌లోనూ వస్తుంది, ఇంకా పెద్దగా వస్తుంది.

రాత విషయంలో నేను ఒప్పుకోక తప్పని ఓటమి ఒకటుంది. తెలుగు టైపు చేయడం చాలామందికి ఫోన్లోనే సులువు. నోటితో చెప్తే రాసేస్తుంది. ళ అన్నచోట ల, ణ అన్నచోట న వేస్తుందనుకోండి, దిద్దుకోవాలి. కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకుంటే వేళ్లు పరుగెడతాయి: అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. నేర్చుకునే నెల రోజులూ ఏడుపే. విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి ఉంది, అది నడిమి దారి. పెద్ద వ్యాసం రాయాలంటే నేను బల్ల దగ్గరకే వెళ్తాను. నాలుగు మాటల జవాబైతే ఫోనే.

కరెంటు గురించి అడిగినవాళ్లూ ఉన్నారు. నా డబ్బా, మానిటర్ కలిపి దాదాపు 80 వాట్లు తింటాయి. 12 గంటలకి ఒక యూనిట్. అదే యూనిట్‌తో ఫోను ముప్పై, నలభై సార్లు చార్జ్ అవుతుంది. బిల్లు సంగతి అలా ఉంచి ఎండాకాలం కోతల సంగతి ఆలోచించండి. చిన్న యూపీఎస్ పది, పదిహేను నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ లేని ఊళ్లో డెస్క్‌టాప్ కొంటే ఏప్రిల్, మే నెలల్లో అది టేబుల్ గుడ్డ కింద ఉంటుంది.

కొనాలనే అనుకుంటే ఒక జాగ్రత్త. పాత డబ్బాలు అమ్మేవాళ్లు లోపలి ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 అని మాత్రం చెప్తారు, అది ఏ తరానిదో చెప్పరు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పద్ధతిగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం గానీ ఆపైది గానీ ఉండాలి. నాకు మొదటి షాపులో 6వ తరందాన్ని "సేమ్ టు సేమ్ సార్" అని అంటగట్టబోయారు. విండోస్ బదులు లినక్స్ వేసుకునే ధైర్యముంటే అలాంటి పాత తరం డబ్బా కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇంకా చవకగా వస్తుంది. హార్డ్ డిస్క్ బదులు, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. డబ్బాలో ఏది పాడైనా విప్పి ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. ఫోను తెర పగిలితే అయ్యే ఖర్చు మీకు తెలిసిందే.

లాప్‌టాప్ ఉన్నవాళ్లు దానికే ఒక మానిటర్ తగిలించుకుంటే చాలు, డబ్బా అక్కర్లేదు. పది అంగుళాల ట్యాబ్ స్కాన్ పుస్తకాలకి బాగానే ఉంటుంది, పక్కన నిఘంటువు మాత్రం పట్టదు. చిన్న ఈ-రీడర్లలో స్కాన్ పుస్తకాలకి ఫోన్లో ఉన్న ఇబ్బందే ఉంటుంది.

ఇదంతా విన్నాక మా పిన్ని కొడుకు అడిగాడు: "అయితే నన్నూ కొనమంటావా?" వాడు రోజూ ఏం చదువుతాడో చెప్పమన్నాను. క్రికెట్ స్కోర్లు, సినిమా వార్తలు, వాళ్ల కాలనీ వాట్సాప్ గ్రూపు. "నీకు ఫోను చాల్రా" అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అప్పటికే సీటీసీలో రేట్లు కనుక్కుని వచ్చాడట.